‘బిస్కెట్లో డీజిల్’ మాటలో నిజమెంత? ఇంటర్‌ఎస్టరిఫికేషన్ అంటే ఏమిటి?

విశాఖపట్నం అక్కయ్యపాలెంలో మా వీధి మలుపులో చిన్న బేకరీ ఒకటుంది. సాయంత్రం అయిదున్నర దాటాక ఎగ్ పఫ్‌ల ట్రే బయటికొస్తుంది. ఆ వేళకి అక్కడ చేరే నలుగురైదుగురిలో నేనూ ఒకణ్ని. ఆ మధ్య ఒకరోజు పక్కవీధి ఆవిడ ఫోన్ తెచ్చి నా ముఖం ముందు పెట్టింది. "మేస్టారూ, ఇదేటండీ? బిస్కట్లల్లో ఏసే నూనీ, డీజిల్ సేసే మందూ ఒకటేనంట గదా! మా మనవడికి రోజూ అవే పెడతన్నాం." వాట్సాప్‌లో ఎన్ని చేతులు మారిందో తెలియని మెసేజ్. అందులో ‘సోడియం మీథాక్సైడ్’ అని ఒక పేరు, పక్కన పుర్రె బొమ్మ.

బేకరీ కుర్రాడు లోపలికెళ్లి కొవ్వు పెట్టె అట్టముక్క ఒకటి చింపి తెచ్చాడు. దాని మీద ‘ఇంటర్‌ఎస్టరిఫైడ్ వెజిటబుల్ ఫ్యాట్’ అని ఉంది. "మెత్తగా ఉందా, పఫ్‌కి పొరలొచ్చాయా, మాకదే కావాలండి. మిగతాది మాకేటి తెలుస్తాది?" అన్నాడు.

2020 మే 7 తెల్లవారుజామున ఫ్యాక్టరీలోంచి లీకైన స్టైరీన్ ఆవిరి పీల్చిన ఊరిది. రసాయనం పేరు వింటే ఇక్కడి జనం ఉలిక్కిపడటంలో తప్పేమీ లేదు. పైగా ఆ మెసేజ్ పూర్తిగా అబద్ధం కూడా కాదు. అందులో ఎంత నిజముందో చెప్పాలంటే ముందు నూనె బొట్టు లోపల ఏముందో చూడాలి.

నూనె అణువులో మూడు బెర్తులు

గానుగ నువ్వుల నూనె అయినా, పామాయిల్ అయినా, నెయ్యి అయినా, కొబ్బరి నూనె అయినా లోపలి కట్టడం ఒక్కటే. గ్లిసరాల్ అనే చిన్న చట్రం, దానికి అతుక్కుని మూడు కొవ్వు ఆమ్లాలు. దీన్నే ట్రైగ్లిసరైడ్ అంటారు. రైల్లో స్లీపర్ బోగీ గుర్తు తెచ్చుకోండి. గోడకి లోయర్, మిడిల్, అప్పర్ అని మూడు బెర్తులు. ఆ బెర్తుల చట్రం గ్లిసరాల్, వాటిమీద పడుకున్న ప్రయాణికులు కొవ్వు ఆమ్లాలు. ప్రయాణికుణ్ని బెర్తుకి కట్టి ఉంచే బంధానికే ఎస్టర్ అని పేరు.

ప్రయాణికుల్లో రెండు రకాలు. కొందరు కాళ్లు బారజాపుకుని తిన్నగా పడుకుంటారు. వీళ్లు సంతృప్త ఆమ్లాలు: పామాయిల్‌లో ఎక్కువగా ఉండే పామిటిక్, గట్టి కొవ్వుల్లో ఉండే స్టియరిక్ ఈ కోవలోవే. కొందరు మోకాళ్లు ముడుచుకుని పడుకుంటారు. వీళ్లు అసంతృప్త ఆమ్లాలు: ఒలియిక్, లినోలియిక్ లాంటివి. తిన్నగా ఉన్నవి కట్టెల మోపులా ఒకదానికొకటి దగ్గరగా సర్దుకుంటాయి, అందుకని కొవ్వు గట్టిపడుతుంది. వంకర తిరిగినవి సర్దుకోలేవు, అందుకని నూనె నూనెగానే ఉంటుంది. స్టియరిక్ ఆమ్లం 70 డిగ్రీల దగ్గర గానీ కరగదు, ఒలియిక్ 13 నుంచి 16 డిగ్రీలకే కరుగుతుంది.

ఇక్కడ చాలామంది వదిలేసే సంగతి ఒకటుంది. కొవ్వు స్వభావం బోగీలో ఎవరెవరున్నారన్న దాని మీదే కాదు, ఎవరు ఏ బెర్తులో ఉన్నారన్న దాని మీద కూడా ఆధారపడుతుంది. చాక్లెట్‌కి ప్రాణమైన కోకో బటర్‌లో మిడిల్ బెర్తు దాదాపు ఎప్పుడూ ఒలియిక్‌దే, పైనా కిందా సంతృప్త ఆమ్లాలు. ఆ క్రమం వల్లే అది చేతిలో గట్టిగా ఉండి నోట్లో పడగానే కరుగుతుంది. అదే కోకో బటర్‌లో బెర్తులు చిందరవందర చేస్తే పూర్తిగా కరగడానికి 50 డిగ్రీల దాకా వేడి కావాలి. ఒక్క ప్రయాణికుడు కూడా మారలేదు. అయినా ఆ చాక్లెట్ తింటే మైనం నమిలినట్టుంటుంది.

డాల్డా నుంచి 2 శాతం దాకా

మన దగ్గర నూనెకి లోటు లేదు. గట్టి కొవ్వుకే లోటు. పఫ్‌కి పొరలు రావాలన్నా, బిస్కెట్ నోట్లో గుల్లగా విరగాలన్నా ద్రవ నూనె పనికిరాదు. నెయ్యీ వెన్నా ఖరీదు. నూనెలోకి హైడ్రోజన్ ఎక్కించి గట్టిపరిచే పద్ధతికి జర్మన్ రసాయనవేత్త విల్హెల్మ్ నార్మన్ 1902లో పేటెంట్ తీసుకున్నాడు. మన దేశంలో 1937లో డాల్డా వచ్చింది. మా అమ్మకి వనస్పతి అన్న మాటే తెలియదు, ఏ కంపెనీదైనా అది డాల్డానే.

హైడ్రోజన్ ఎక్కించడమంటే ముడుచుకున్న మోకాళ్లని సాగదీయడం. పూర్తిగా సాగదీస్తే అందరూ స్టియరిక్ అయిపోతారు, కొవ్వు కొవ్వొత్తిలా తయారవుతుంది. అది ఎవరికీ అక్కర్లేదు. కాబట్టి మధ్యలో ఆపేవారు. అలా ఆపినప్పుడు కొన్ని ఆమ్లాల్లో ద్విబంధం, అంటే ఆ మోకాలు, పోదు గానీ మెలిక తిరిగిపోతుంది. మోకాలు ఉన్నట్టే ఉంటుంది, మనిషి మాత్రం తిన్నగా పడుకుంటాడు. అదే ట్రాన్స్ ఫ్యాట్. ఒలియిక్‌కి తోబుట్టువు లాంటి ఎలైడిక్ ఆమ్లం దాదాపు 45 డిగ్రీలకు గానీ కరగదు.

ఈ ట్రాన్స్ కొవ్వు చెడు కొలెస్ట్రాల్‌ను పెంచడమే కాకుండా మంచి కొలెస్ట్రాల్‌ను తగ్గిస్తుందని పరిశోధనలు ఒకదాని తర్వాత ఒకటి తేల్చాయి. డెన్మార్క్ 2003లోనే 2 శాతం హద్దు పెట్టింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో అన్ని దేశాలకూ పిలుపునిచ్చింది. మన ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ మెట్టుమెట్టుగా దిగింది: మొదట 10 శాతం, తర్వాత 5, 2021 జనవరి నుంచి 3, 2022 జనవరి 1 నుంచి 2 శాతం. అంటే 100 గ్రాముల కొవ్వులో ఫ్యాక్టరీలో పుట్టిన ట్రాన్స్ 2 గ్రాములకి మించకూడదు. పాలలో, నెయ్యిలో సహజంగా ఉండే కాస్త ట్రాన్స్ ఈ లెక్కలోకి రాదు.

ఇక పాత పద్ధతి వనస్పతికి దారి మూసుకుపోయింది. ఆ ఖాళీలోకి వచ్చిందే బేకరీ కుర్రాడి చేతిలోని అట్టముక్క మీది పేరు. పద్ధతి మాత్రం కొత్తది కాదు. అమెరికాలో పంది కొవ్వుని బేకరీలకు అనువుగా మార్చడానికి 1950లలోనే వాడారు.

బోగీలన్నీ కలిపి బెర్తులు మార్చేస్తే: ఒక లెక్క

ఇంటర్‌ఎస్టరిఫికేషన్ అంటే రైల్లోని ప్రయాణికులందరినీ ఒక్కసారి లేపి, బెర్తులు ఎవరికి ఏది దొరికితే అది అన్నట్టు మళ్లీ పంచడం. ఎవరూ దిగరు, కొత్తవాళ్లు ఎక్కరు, ఎవరి మోకాళ్లూ సాగవు. బోగీలు మారతాయి, బెర్తులు మారతాయి, అంతే.

అంత మాత్రానికి ఏమొస్తుందంటారా? లెక్క వేద్దాం. పూర్తిగా హైడ్రోజన్ ఎక్కించిన గట్టి కొవ్వు 30 కిలోలు తీసుకుందాం. అందులో ప్రతి బోగీలోనూ మూడు బెర్తులూ స్టియరిక్‌వే అనుకుందాం. పూర్తిగా ఎక్కించినది గనక ద్విబంధాలే మిగలవు, ట్రాన్స్ కూడా దాదాపు ఉండదు. దానికి ద్రవ నూనె 70 కిలోలు కలుపుదాం. అందులో అన్ని బెర్తులూ అసంతృప్తానివే అనుకుందాం. ఉత్తినే వేడిచేసి కలిపితే ఏమవుతుంది? చల్లారగానే 30 కిలోల గట్టి కొవ్వు విడిగా పేరుకుంటుంది. మూడూ స్టియరిక్ అయిన అణువు 70 డిగ్రీలు దాటితే గానీ కరగదు. తింటే అంగిలికి మైనం అంటుకుంటుంది.

ఇప్పుడు బెర్తులు కలిపేద్దాం. ఏ బెర్తులోనైనా సంతృప్తం పడే అవకాశం 0.3, అసంతృప్తం పడేది 0.7.

మూడూ సంతృప్తమే కావాలంటే 0.3 × 0.3 × 0.3, అంటే 2.7 శాతం.
రెండు సంతృప్తం, ఒకటి అసంతృప్తం: 3 × 0.3 × 0.3 × 0.7, అంటే 18.9 శాతం.
ఒకటి సంతృప్తం, రెండు అసంతృప్తం: 3 × 0.3 × 0.7 × 0.7, అంటే 44.1 శాతం.
మూడూ అసంతృప్తమే: 34.3 శాతం.

మధ్య రెండు లెక్కల్లో 3 ఎందుకంటే, ఆ ఒంటరివాడు లోయర్‌లో ఉండొచ్చు, మిడిల్‌లో ఉండొచ్చు, అప్పర్‌లో ఉండొచ్చు. ఇంటర్మీడియట్ లెక్కల పుస్తకంలో నాణేలు ఎగరేసిన లెక్కే ఇది.

కొవ్వొత్తి లాంటి బోగీలు 30 శాతం నుంచి 2.7 శాతానికి పడిపోయాయి. వాటి స్థానంలో మధ్యరకం అణువులు పుట్టుకొచ్చాయి, వీటిలో కొన్ని గది వేడికి కాస్త ముందూ కొన్ని కాస్త తర్వాతా కరిగేవి. మెత్తని కొవ్వు చేతికొచ్చింది, ట్రాన్స్ లేదు. కానీ ఒక సంగతి గుర్తుంచుకోండి, ఆరోగ్యం దగ్గర మళ్లీ కావాలి: మొత్తం సంతృప్త కొవ్వు మొదట 30 కిలోలు, చివర్లోనూ 30 కిలోలే.

పూస కట్టే నెయ్యి, పూస కట్టకూడని కొవ్వు

మంచి నెయ్యికి మనవాళ్ల గుర్తు పూస కట్టడం. చలికాలం సీసాలో ఇసకలా రవ్వరవ్వగా పేరుకుంటే "అబ్బ, పూస చూడండి" అని మురిసిపోతాం. బేకరీవాడికి అదే పూస శత్రువు. ఆ రవ్వలు పెద్ద స్ఫటికాలు. వాటి మధ్య గాలి నిలవదు, కేకు పొంగదు. అతనికి కావలసింది నలిపితే వేలికి తగలనంత సన్నని స్ఫటికాలు. ఒకే రకం అణువులు ఎక్కువగా ఉంటే వరసగా పేర్చుకుంటూ పెద్ద స్ఫటికాలుగా పెరుగుతాయి. రకరకాల అణువులు కలగాపులగంగా ఉంటే ఒకదానికొకటి అడ్డుపడి చిన్నగానే ఆగిపోతాయి. బెర్తులు చెదరగొట్టడంలో బేకరీవాడికి దక్కే అసలు లాభం ఇదే. పంది కొవ్వులో కూడా అమెరికావాళ్లు పోగొట్టుకోవాలనుకున్నది పూసనే.

ఫ్యాక్టరీలో నీటిచుక్కకి ఎందుకంత భయం

కొవ్వు ఆమ్లాలు వాటంతటవి బెర్తులు మారవు. వేడి ఒక్కటే చాలదు, వాళ్లని లేపే కేటలిస్టు ఒకటి కావాలి. వాట్సాప్ మెసేజ్‌లో పుర్రె బొమ్మ తగిలించుకున్న సోడియం మీథాక్సైడ్ ఆ పనే చేస్తుంది. తెల్లని పొడి. నీరు తగిలితే కాస్టిక్ సోడాగా, మిథనాల్‌గా విడిపోతుంది. విడిగా చూస్తే ప్రమాదకరమైన సరుకే, చర్మాన్ని కాల్చేస్తుంది, తేమగాలికి అంటుకోగలదు. ఆ మాటకొస్తే మనం అప్పడాల పిండిలో వేసే అప్పడాల కారం కూడా చేత్తో నోట్లో వేసుకునే వస్తువేం కాదు. అడగాల్సిన ప్రశ్న, అది చివరికి తిండిలో మిగులుతుందా లేదా అన్నదే.

ముందు రిఫైన్ చేసిన నూనెని వేడిచేసి, గాలి లాగేసి, తడి లేకుండా ఆరబెడతారు. దాదాపు 100 డిగ్రీల దగ్గర ఈ పొడిని నూనె బరువులో 0.1 నుంచి 0.5 శాతం దాకా వేస్తారు. కాసేపటికి నూనె గోధుమరంగు తిరుగుతుంది. మిల్లులో పనిచేసేవాళ్లకి అదే సంకేతం, మార్పిడి మొదలైందని. అరగంట అటూ ఇటూ పడుతుంది. తర్వాత సిట్రిక్ ఆమ్లం కలిపిన నీళ్లు కొడితే కేటలిస్టు చచ్చిపోతుంది, సబ్బు ఏర్పడి బయటికి పోతుంది. ఆపైన రంగు తీయడం, వాసన తీయడం.

తడి అంటే ఎందుకంత భయమో చూడండి. ఒక నీటి అణువు ఒక మీథాక్సైడ్ అణువుని చంపుతుంది. నీటి అణుభారం 18, మీథాక్సైడ్‌ది 54. అంటే 1 కిలో నీరు 3 కిలోల కేటలిస్టుని మింగేస్తుంది. ఒక టన్ను నూనెలో తడి 0.1 శాతం ఉంటే అది 1 కిలో నీరు. మీరు వేసిందే 2 కిలోలైతే పని మొదలవకముందే అయిపోయింది. టన్నుకి లీటరు నీళ్లు! వానాకాలం మన ఊళ్లో డబ్బాలోని ఉప్పు తెల్లారేసరికి నీరు కారుతుందే, అలాంటి గాలి మధ్య ఈ పొడిని సీలు విప్పి వాడాలంటే ఎంత జాగ్రత్త కావాలో ఊహించుకోవచ్చు.

రెండో దారి ఎంజైముది. ఒక రకం బూజు నుంచి తీసిన లైపేజ్‌ని గింజల్లాంటి పదార్థం మీద పట్టించి, గొట్టంలో నింపి, 70 డిగ్రీల దగ్గర నూనెని దానిలోంచి పంపుతారు. ఈ లైపేజ్ కాస్త మర్యాదస్తుడైన టీటీఈ లాంటివాడు. పైవాణ్ని, కిందివాణ్ని లేపుతాడు గానీ మిడిల్ బెర్తు జోలికి నేరుగా పోడు. అయినా గొట్టంలో ఎక్కువసేపు ఉంటే మిడిల్ వాళ్లూ కొంత జారి మారతారు. ఈ పద్ధతిలో రంగు చెడదు, సబ్బు రాదు, నూనె నష్టం తక్కువ. ఎంజైము ఖరీదెక్కువ. సెకన్లలో తేలిపోయే తేడాలు కావివి, ఫ్యాక్టరీ యజమాని లెక్కల పుస్తకంలో తేలేవి.

అదే పాత్రలో మిథనాల్ పోస్తే

ఇప్పుడు డీజిల్ సంగతి. నూనెని తిన్నగా ఇంజిన్‌లో పోస్తే చిక్కదనం ఇబ్బంది పెడుతుంది. డీజిల్ కన్నా పది రెట్లు చిక్కన. మూడు బెర్తుల బోగీ అంత బరువు మరి. ప్రయాణికులని విడివిడిగా దింపేస్తే పల్చబడుతుంది. దింపడానికి ఒక్కొక్కరికీ ఒక్కో ఆటో కావాలి. ఆ ఆటో మిథనాల్. ప్రతి కొవ్వు ఆమ్లమూ బెర్తు వదిలి ఒక మిథనాల్ ఎక్కి పోతుంది. అలా బయల్దేరిన మిథైల్ ఎస్టరే బయోడీజిల్. ఖాళీ బెర్తుల చట్రం గ్లిసరిన్‌గా అడుక్కి దిగుతుంది. దీని పేరు ట్రాన్స్‌ఎస్టరిఫికేషన్.

ఇక్కడ పేర్లే జనాన్ని తికమక పెడతాయి. ట్రాన్స్ ఫ్యాట్‌లోని ‘ట్రాన్స్’ వేరు, ట్రాన్స్‌ఎస్టరిఫికేషన్‌లోని ‘ట్రాన్స్’ వేరు. మొదటిది ఆమ్లం ఆకారం, రెండోది ఎస్టర్ బంధం చేతులు మారడం. నేను చూసిన ఫార్వర్డుల్లో సగం గందరగోళం ఈ ఒక్క మాట దగ్గరే.

లెక్క ఇది: 100 కిలోల నూనెకి 11 కిలోల మిథనాల్ ఖర్చవుతుంది, 100 కిలోల చిల్లర బయోడీజిల్, 10 కిలోల చిల్లర గ్లిసరిన్ వస్తాయి. చర్య ముందుకు నడవడానికి పాత్రలో మాత్రం దానికి రెట్టింపు మిథనాల్ పోస్తారు, మిగిలింది తిరిగి పట్టుకుంటారు. వేడి 60 డిగ్రీల చుట్టుపక్కల, ఎందుకంటే మిథనాల్ 65 దగ్గర మరిగిపోతుంది. కేటలిస్టు? కాస్టిక్ సోడా, కాస్టిక్ పొటాష్, లేదంటే అదే సోడియం మీథాక్సైడ్.

కాబట్టి మెసేజ్‌లో నిజం ఇంతవరకు ఉంది: కేటలిస్టు ఒకటే, తెగే బంధం ఒకటే. పాత్రలో మిథనాల్ ఉంటే డీజిల్, లేకపోతే బేకరీ కొవ్వు.

నిజాయతీగా ఇంకొక్క మెట్టు దిగాలి. మీథాక్సైడ్ అన్నది సోడియం తగిలించుకున్న మిథనాలే. తిండి కొవ్వు చేసేటప్పుడు కూడా అది మొదట ఒక కొవ్వు ఆమ్లాన్ని పట్టుకుని కాస్త మిథైల్ ఎస్టర్‌గా మారుతుంది. టన్ను నూనెకి 2 కిలోల మీథాక్సైడ్ వేస్తే, అది మొత్తం అలాగే మారిందనుకున్నా, గరిష్ఠంగా 11 కిలోల మిథైల్ ఎస్టర్. అంటే దాదాపు 1 శాతం బయోడీజిల్ ఆ పాత్రలో నిజంగానే పుడుతుంది! పుర్రె బొమ్మ పెట్టినాయనకి ఈ సంగతి తెలిస్తే పండగ చేసుకునేవాడు. కానీ ఆ తర్వాతి మెట్టు వాసన తీయడం. 200 డిగ్రీలు దాటిన వేడిలో, గాలి లాగేసిన గదిలో, నూనెలోంచి ఆవిరి పంపుతారు. తేలికైన మిథైల్ ఎస్టర్లు ఆ ఆవిరితో ఎగిరిపోతాయి. బరువైన ట్రైగ్లిసరైడ్లు ఉండిపోతాయి. కొవ్వు తినడానికి పనికిరావాలంటే ఈ మెట్టు సరిగ్గా జరగాలి. అనుమానం ఉన్నవాడు అడగాల్సింది ఆ మెట్టు గురించే.

గ్లిసరిన్ లేని దారి

ఇంధనంలోనూ అసలు ఇంటర్‌ఎస్టరిఫికేషన్ ఉంది. మిథనాల్ బదులు మిథైల్ ఎసిటేట్ పోస్తారు. అది కూడా ఎస్టరే కాబట్టి ఇది ఎస్టర్‌కీ ఎస్టర్‌కీ మధ్య మార్పిడి. పెద్దవాళ్లు దిగి ఆటోల్లో వెళ్లిపోతారు, వాళ్ల బెర్తుల్లో ఆ ఆటోల్లో వచ్చిన పసిపిల్లలు (ఎసిటేట్లు) పడుకుంటారు. చట్రం ఖాళీగా మిగలదు, ట్రైఎసిటిన్ అవుతుంది.

100 కిలోల నూనెకి 25 కిలోల మిథైల్ ఎసిటేట్ పడుతుంది. 100 కిలోల బయోడీజిల్, దాదాపు 25 కిలోల ట్రైఎసిటిన్ వస్తాయి. ఆశ ఎక్కడంటే, బయోడీజిల్ ప్లాంట్లు పెరిగిన కొద్దీ ముడి గ్లిసరిన్ ధర పడిపోతుంది, ట్రైఎసిటిన్‌ని ఇంధనంలోనే ఉంచేయొచ్చు. చిక్కెక్కడంటే, అలా ఉంచితే మిశ్రమంలో అయిదో వంతు అదే. యూరప్ ప్రమాణం బయోడీజిల్‌లో 96.5 శాతం కొవ్వు ఆమ్లాల ఎస్టర్ ఉండాలంటుంది. చర్య కూడా మిథనాల్‌తో అయినంత సులువుగా అవదు. అందుకని ఇది ఇప్పటికీ పరిశోధనా పత్రాల్లో కనిపించినంతగా ప్లాంట్లలో కనిపించదు.

బీచ్ రోడ్డు మూకుడులో మిగిలిన నూనె

ఆర్కే బీచ్‌లో సాయంత్రం ఏడింటికి మిరపకాయ బజ్జీల బండి దగ్గర నిలబడి మూకుడులోకి చూడండి. నూనె తేనెరంగు దాటి టీ డికాక్షన్ రంగుకి వస్తుంది, అంచుల్లో నురగ ఆరదు. తేమ, వేడి, గాలి కలిసి బెర్తుల్లోంచి కొవ్వు ఆమ్లాలని ఊడదీస్తున్నాయి. వాటిని మిల్లుల్లో ఎఫ్‌ఎఫ్‌ఏ అంటారు, అంటే బెర్తు లేని ఆమ్లాలు. విరిగినవీ, గాలి పట్టినవీ కలిపి కొలిచే కొలత ‘టోటల్ పోలార్ కాంపౌండ్స్’. అది 25 శాతం దాటిన నూనెలో వండకూడదని 2018 జులై 1 నుంచి ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన. రోజుకి 50 లీటర్లకి మించి వాడే హోటళ్లు లెక్క రాసిపెట్టాలి. ఆ నూనెని సేకరించి బయోడీజిల్‌కి మళ్లించడానికి ‘రూకో’ పేరుతో కార్యక్రమం కూడా 2018లోనే మొదలైంది. డీజిల్‌లో 2030 నాటికి 5 శాతం బయోడీజిల్ కలపాలన్నది అదే ఏడాది వచ్చిన జాతీయ విధానం లక్ష్యం.

ఇలాంటి నూనెని తిండి కొవ్వుగా మార్చే ప్రసక్తే లేదు. ఇంధనానికైనా సులువు కాదు. ఎఫ్‌ఎఫ్‌ఏ 5 శాతం ఉన్న టన్ను నూనె తీసుకోండి. అంటే 50 కిలోల ఊడిన ఆమ్లాలు. ఇవి దాదాపు 10 కిలోల మీథాక్సైడ్‌ని తినేసి 54 కిలోల సబ్బు అవుతాయి. ఆ సబ్బు బయోడీజిల్‌నీ గ్లిసరిన్‌నీ విడిపోనివ్వదు, చిలికిన మజ్జిగలా ఉండిపోతుంది. అందుకే ముందు ఆమ్లాన్ని కేటలిస్టుగా వాడి ఎఫ్‌ఎఫ్‌ఏలని ఎస్టర్లుగా మార్చి, తర్వాత అసలు చర్య చేస్తారు. మన మిల్లుల తవుడు నూనెదీ ఇదే తంటా. బియ్యం పట్టిన మరుక్షణం నుంచీ తవుడులోని ఎంజైము ఆమ్లాలని ఊడదీయడం మొదలెడుతుంది.

చలి మరో లెక్క. పామాయిల్‌తో చేసిన బయోడీజిల్ 15 డిగ్రీల చుట్టూ మబ్బు పడుతుంది. విశాఖ తీరంలో జనవరిలో కొబ్బరి నూనె సీసా గట్టిపడటం చూస్తాం, అది 24 డిగ్రీల వ్యవహారం. కాబట్టి ఇక్కడి బస్సుకి ఇబ్బంది లేదు. అదే బస్సు తెల్లవారుజామున లంబసింగిలో స్టార్టవ్వాలంటే మాత్రం ఆలోచించాలి.

ఆరోగ్యం మాట: మిడిల్ బెర్తు దగ్గరే పేచీ

మన పేగుల్లోని లైపేజ్ కూడా ఆ మర్యాదస్తుడైన టీటీఈ కోవలోదే. లోయర్, అప్పర్ వాళ్లని దింపుతుంది. మిడిల్‌లో ఉన్న ఆమ్లం చట్రంతో సహా ఒంట్లోకి పోతుంది. తల్లిపాలలో ప్రకృతి దీన్నే వాడుకుంది. పామిటిక్‌లో మూడింట రెండు వంతులు మిడిల్ బెర్తులోనే ఉంటుంది. విడిగా ఊడిపడితే అది కాల్షియంతో కలిసి సబ్బయి బిడ్డకి విరేచనం గట్టిపడుతుంది. అందుకని కొన్ని పాలపొడుల్లో ఎంజైముతో పామిటిక్‌ని పట్టుబట్టి మధ్యకి చేరుస్తారు. ఇంటర్‌ఎస్టరిఫికేషన్ బిడ్డకి మేలు చేసిన సందర్భం ఇది.

పామాయిల్‌లో కథ తిరగబడుతుంది. అందులో పామిటిక్ 44 శాతం ఉన్నా, మిడిల్ బెర్తుల్లో పదింట ఒకటో రెండో మాత్రమే దానివి. బెర్తులు కలిపేస్తే మిడిల్‌లోనూ 44 శాతం అవుతుంది. సంతృప్త ఆమ్లం మునుపటికన్నా సులువుగా లోపలికి పోతే గుండెకి నష్టమా అన్నది ప్రశ్న.

నష్టమే అన్నవాళ్లు చూపించేది 2007లో వచ్చిన ఒక అధ్యయనం. 30 మందికి మూడు రకాల కొవ్వులు, ఒక్కోటి నాలుగేసి వారాలు పెట్టారు. స్టియరిక్ ఎక్కువున్న ఇంటర్‌ఎస్టరిఫైడ్ కొవ్వు తిన్నప్పుడు, పామోలిన్ తిన్నప్పటితో పోలిస్తే పరగడుపు చక్కెర దాదాపు 20 శాతం పెరిగింది, చెడు, మంచి కొలెస్ట్రాల్ నిష్పత్తి చెడింది. తీసిపారేయాల్సిన ఫలితం కాదు. అయితే మూడు కొవ్వుల్లోనూ ఆమ్లాల పాళ్లే వేరువేరు. తేడా బెర్తుల వల్ల వచ్చిందా, ప్రయాణికుల వల్ల వచ్చిందా అన్నది విడదీయడం కుదరదు. రచయితల్లో మలేసియా పామాయిల్ బోర్డు శాస్త్రవేత్త ఉన్నాడు, గెలిచింది పామోలిన్. అది తప్పని అనను, గుర్తుంచుకోవాల్సిన సంగతి అంటాను.

భయం లేదన్నవాళ్లు చూపించేది లండన్ కింగ్స్ కాలేజీ పరిశోధకులు పాల్గొన్న, 2025లో వచ్చిన అధ్యయనం. 47 మంది ఆరోగ్యవంతులు ఆరేసి వారాలు మఫిన్లు, స్ప్రెడ్ల రూపంలో తిన్నారు. కొలెస్ట్రాల్ నిష్పత్తిలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. కానీ అక్కడ పోల్చిన రెండు కొవ్వులూ ఇంటర్‌ఎస్టరిఫైడ్ కొవ్వులే, ఒకదానిలో పామిటిక్, ఒకదానిలో స్టియరిక్ ఎక్కువ. బెర్తులు కదపని కొవ్వుతో పోలిక కాదది. ఆరు వారాలు ఇరవై ఏళ్ల బిస్కెట్లకి బదులూ చెప్పలేవు.

నా చదువుకి తోచింది ఇది: ట్రాన్స్ ఫ్యాట్‌కి వ్యతిరేకంగా ఉన్న సాక్ష్యం బండరాయి లాంటిది, బెర్తుల మార్పిడికి వ్యతిరేకంగా ఉన్నది తడి ఇసుక లాంటిది. ఒకదాని బదులు ఇంకొకటి రావడం మేలే. కాకపోతే ప్యాకెట్ మీద ‘జీరో ట్రాన్స్ ఫ్యాట్’ అని పెద్దక్షరాల్లో వేసి, పై లెక్కలో ఎటూ పోని ఆ 30 కిలోల సంతృప్త కొవ్వుని వెనకవైపు చిన్నక్షరాల్లోకి నెట్టడం నాకు నచ్చదు.

అట్టముక్క మీది నువ్వుల నూనె

ఇదంతా బేకరీ ముందు చెప్పలేదు లెండి, పఫ్‌లు చల్లారిపోతాయి. బెర్తుల లెక్క మటుకు చెప్పాను. ఆవిడ కళ్లజోడు సవరించుకుని అట్టముక్క మళ్లీ చదివింది. "ఇంద, పామాయిలు, దాని పక్కన నువ్వుల నూని కూడా ఉంది గదండీ. అయితే మంచిదే గదా?"

ఆ నువ్వుల నూనె ఒంటికోసం వేసింది కాదు. వనస్పతిని నెయ్యిలో కలిపి అమ్మేవాళ్లని పట్టుకోవడానికి మన నిబంధనలు చాలాకాలం కిందట పెట్టిన గుర్తు అది. వనస్పతిలో 5 శాతం నువ్వుల నూనె కలపాలి. బాడూయిన్ పరీక్షలో ఆ నెయ్యికి గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లం, కాస్త ఫర్‌ఫ్యురాల్ చేర్చి కుదిపితే నువ్వులోని పదార్థం ఎర్రగా తేలుతుంది. వనస్పతి స్థానంలోకి వచ్చిన కొవ్వుకీ ఆ గుర్తు అంటుకుంది.

"అంటే దొంగని పట్టడానికా!" అని నవ్వింది ఆవిడ. కుర్రాడు ఆ అట్టముక్కనే రెండుగా మడిచి, దాని మీద రెండు పఫ్‌లు పెట్టి చేతికిచ్చాడు.